ఆరితే లేపే దీపం

టైలరమ్మకు భయం కొత్తేమీ కాదు. చిన్నప్పుడు చీము పట్టి ఒక చెవి పూర్తిగానూ, రెండోది ముప్పాతిక వంతూ పోయిన దగ్గర్నుంచీ, వెనక నుంచి వచ్చేదల్లా ఆమెకు చెప్పకుండా వచ్చేదే. సైకిలైనా, కుక్కైనా, అత్తగారైనా. అందుకే ఎక్కడికి వెళ్ళినా గోడకు వీపు ఆనించి, గుమ్మం వైపు ముఖం పెట్టుకుని కూర్చునేది. వీధిలోవాళ్ళు దానికి బెదురని పేరు పెట్టారు. ఆవిడ నీడను చూసి ఆవిడే ఉలిక్కిపడుతుందని చెప్పుకుని నవ్వుకునేవారు. నవ్వేవాళ్ళకేం, రెండు చెవులూ ఉన్నాయి.

కానీ ఈ మధ్య ఆమెను పట్టుకున్న భయం ఆ బాపతు కాదు. ఇది వెనక నుంచి వచ్చేది కాదు. పక్క గదిలో, మూసిన తలుపు అవతల, మంచం మీద ఉండేది.

ఆ మంచం మీద ఉన్నది ఆమె భర్త. బస్సు కండక్టరుగా చేసి, రోడ్ల మీది దుమ్మూ పొగా మింగీ మింగీ చివరికి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఒకప్పుడు ఆయన "రైట్ రైట్" అంటే వెనక ఆగిన బస్సు కూడా కదిలేదనీ, "హోల్డాన్" అంటే ముందు పోతున్నది కూడా ఆగేదనీ తోటివాళ్ళు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆయన ముక్కుకు సన్నటి గొట్టం. ఆ గొట్టం రెండో కొస మంచం పక్కన నిలబడ్డ ఆక్సిజన్ మిషనులో ఉంటుంది. అది గదిలోని గాలినే వడగట్టి, ఆయనకు కావలసినంత ఆక్సిజన్ పంపిస్తుంది. కరెంటు ఉన్నంతసేపే పంపిస్తుంది.

వాళ్ళ పరిచయం కూడా బస్సులోనే. ఆయన స్టాపుల పేర్లు గొంతు చించుకుని అరిచేవాడు, ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుని తన స్టాపు దాటిపోయేది. ఇలా కొన్నిసార్లు జరిగాక ఆయనకు సంగతి అర్థమైంది. ఆ తర్వాత ఆమె స్టాపు వచ్చేముందు దగ్గరికి వచ్చి, ఆమె పట్టుకున్న కమ్మీ మీద టిక్కెట్లు కొట్టే పంచితో టకటకా కొట్టేవాడు. ఆ అదురు ఆమె చేతికి తగిలేది. మిగతా జనమంతా తనకోసం గొంతు పెంచుతుంటే, ఈ మనిషి ఒక్కడే తన చేతితో మాట్లాడాడని ఆమెకు తోచింది. పెళ్ళికి ఒప్పుకోవడానికి ఆమెకు ఆ మాత్రం చాలింది.

ఇప్పుడు ఆయన పిలవలేడు, ఆమె వినలేదు. పోనీ కుట్టు మిషను ఆయన గదిలోనే వేసుకుందామంటే డాక్టరమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. గుడ్డల నూగు ఆయన ఛాతీలోకి పోతే కష్టమనీ, కుట్టేటప్పుడు తలుపు మూసే ఉండాలనీ ఆమె ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు విప్పి మరీ చెప్పింది. ఇల్లు గడిచేది ఆ కుట్టు మీదే కాబట్టి మానడానికీ లేదు. అలా ముందు గదిలో ఆమె, వెనక గదిలో ఆయన, మధ్యలో తలుపు.

కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుంది. అదీ చడీచప్పుడూ లేకుండా అందుకుంటుంది, దీపం రెప్ప కూడా వేయదు. బ్యాటరీ కొన్ని గంటలు మోస్తుంది. అది చేతులెత్తేసేలోగా ఎవరో ఒకరు వెళ్ళి, మూలనున్న ఆక్సిజన్ సిలిండరు తిప్పి, గొట్టం దానికి మార్చాలి. ఆ మూత తిప్పే బలం ఆయన వేళ్ళలో ఎప్పుడో పోయింది. కరెంటు అందకపోతే ఆక్సిజన్ మిషను కీచుమని కూస్తుంది, నిజమే. ఎవరికోసం కూస్తుంది?

ముందు గదిలో కరెంటు పోయినట్టు తెలిసే ఆనవాలు ఏదీ లేదు. కుట్టు మిషను కాళ్ళతో తొక్కేది. కత్తిరించిన ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయదు. వెలుతురు గుమ్మంలోంచి వస్తుంది. అందుకని ఆమె తమ్ముడు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు, ఒక ఆదివారం వచ్చి కుట్టు మిషనుకు ఎదురుగా గోడ మీద చిన్న ఎర్ర బల్బు బిగించాడు.

"ఇల్లు బ్యాటరీ మీదికి వెళ్ళిందంటే ఇది వెలుగుతుందక్కా. వెలగనంతసేపూ నువ్వు నిశ్చింతగా కుట్టుకో" అన్నాడు. ఏదైనా బిగించాక నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని చూసి మురిసిపోవడం వాడికి అలవాటు. ఆ రోజు కూడా అలాగే మురిశాడు.

మొదట్లో ఒకటి రెండు సార్లు అది వెలిగింది కూడా. ఆమె పరుగెత్తింది, సిలిండరు సిద్ధం చేసింది, ఈలోగా కరెంటు వచ్చింది. ఆ తర్వాత ఆమెకు ధైర్యం చిక్కింది. దారం ఎక్కిస్తూ తలెత్తి చూసేది, బల్బు నల్లగా ఉండేది, గుండె మీద చేయి తీసేసి మళ్ళీ తొక్కేది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె భయం లేకుండా గడిపిన రోజులు ఏవైనా ఉంటే అవే.

ఆ రోజు స్కూలు యూనిఫారాలు ఒక గుట్ట ముందేసుకుని కూర్చుంది. ఎదురింటి వదిన కిటికీ పరదాల గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చింది. వస్తూనే ముఖం చిట్లించి, పెదవులు కదిపింది.

"లోపల ఏమిటి వదినా ఆ కూత? చెవులు చిల్లులు పడుతున్నాయి."

టైలరమ్మ బల్బు వైపు చూసింది. నల్లగా ఉంది. "ఏమీ లేదే, కరెంటు ఉందిగా" అంది.

"కరెంటా? పొద్దుటి నుంచీ వీధంతటికీ లేదు. మీకొక్కరికీ ఎలా ఉంటుంది?"

ఆమె మిషను మీది గుడ్డ తీయలేదు, కాలు తీసింది. తలుపు తోసేసరికి ఆయన మంచం అంచున ముందుకు ఒరిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుని ఉన్నాడు. పెదవులు వంకాయ రంగులో ఉన్నాయి. కళ్ళు ఆమెను చూస్తున్నాయో లేదో తెలియడం లేదు. ఒక చేతిలో స్టీలు గ్లాసు ఉంది. మంచం పక్క గోడకు, గ్లాసు అంచు తగిలిన చోట, సున్నం పెచ్చులూడి కింద రాలి ఉంది. ఎంతసేపు కొట్టాడో. అదురు ఆమె చేతికి తగిలేది బస్సు కమ్మీ మీదేననీ, గోడ మీద కాదనీ ఆయనకు ఆ క్షణంలో తోచి ఉండదు.

ఆమె సిలిండరు మూతను రెండుసార్లు అటు తిప్పబోయి ఇటు తిప్పింది. వదిన ఆయన వీపును భుజంతో ఆపింది. గొట్టం మారాక చాలాసేపటి వరకూ ఏమీ జరగలేదు. ఆ తర్వాత పెదవుల మీదికి మెల్లగా మనిషి రంగు వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి, ముందు భార్యనూ తర్వాత చేతిలోని గ్లాసునూ చూసి, దాన్ని ఎదురింటావిడకు ఇవ్వబోయాడు. మంచినీళ్ళు ఇస్తున్నాననుకున్నాడేమో.

సాయంత్రం తమ్ముడు వచ్చి బల్బు ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"లోపల తీగ తెగిందక్కా. బల్బు పోయింది, అంతే. మంచిది తెచ్చి వేస్తాను."

"ఎప్పుడు పోయింది?"

వాడు బల్బు వైపు చూశాడు. "అది... ఎలా తెలుస్తుంది?"

ఆ జవాబే ఆమెను పట్టి పీడించింది. నిన్న పోయిందా? పోయిన నెలలోనా? తను హాయిగా తలదించుకుని కుట్టిన రోజుల్లో ఏ రోజు నిజంగా హాయి, ఏ రోజు చచ్చిన బల్బు ఇచ్చిన హాయి? ఎన్నిసార్లు ఇన్వర్టరు అంచుదాకా వెళ్ళి, తనకు తెలియకుండానే కరెంటు వచ్చి ఆయన్ను వెనక్కి లాగిందో. జరిగిపోయిన రోజులకు కూడా భయపడే మనిషిని నేను ఈవిడ ఒక్కరినే చూశాను.

మర్నాడు పొద్దున ఆయన పక్కన కూర్చుని ఆ మాటే చెప్పింది. ఆయన మాటలకు శబ్దం తక్కువే, ఆమెకు శబ్దంతో పనీ లేదు. పెదవులు చూస్తే చాలు. ఆ విషయంలో వాళ్ళిద్దరికీ బాగా కుదిరింది.

"కింద బాబిన్‌లో దారం అయిపోయినట్టు ఉందండీ. పైదారం నడుస్తూనే ఉంటుంది, సూది దిగుతూనే ఉంటుంది, గుడ్డ జరుగుతూనే ఉంటుంది. చివరికి లాగి చూస్తే ఒక్క కుట్టూ పడి ఉండదు."

ఆయన ముక్కలు ముక్కలుగా అడిగాడు.

"మా డ్రైవరు... ఏం వింటే... బండి కదిలించేవాడు?"

"మీరు రైట్ అంటే."

"నేను ఏమీ అనకపోతే?"

"కదలడు."

"నేను వెనక... పడి చచ్చినా?"

"అవేం మాటలు. కదలడు."

"మరి మీ తమ్ముడు... హోల్డాన్ అనేవాణ్ణి మాత్రమే... పెట్టాడు. వాడు చస్తే... బండి పోతూనే ఉంటుంది." ఊపిరి కూడదీసుకుని, చేత్తో గాల్లో బస్సు పోతున్నట్టు చూపించాడు. "మనకు కావాల్సింది... రైట్ అనేవాడు."

ఆ చెయ్యి చూడగానే ఆమెకు సంగతి బోధపడింది. దీపం కరెంటు ఉన్నంతసేపూ వెలగాలి. కరెంటు పోయినా ఆరాలి, తీగ తెగినా ఆరాలి, బల్బు చచ్చినా ఆరాలి. ఏ దారిన చచ్చినా తనను లేపే చావాలి. ఇంత చిన్న సంగతి బిగించినవాడికీ తట్టలేదు, రోజంతా చూస్తూ కూర్చున్న తనకూ తట్టలేదు. తట్టింది మంచం దిగలేని మనిషికి.

వదినను ఆయన దగ్గర కూర్చోబెట్టి, ప్రాణాలన్నీ ఇంట్లోనే వదిలేసి, ఎలక్ట్రిక్ సామాన్ల షాపుకు ఆమే వెళ్ళింది. షాపాయన ఒక ట్రే నిండా ఇండికేటర్ లైట్లు తెచ్చి ముందు పెట్టాడు. తీగ బల్బులను ఆమె ముట్టుకోనైనా లేదు. స్విచ్‌బోర్డుల్లో నారింజ రంగులో మిణుకుమనే చిన్నవి చూపించాడు. అవి వెలుగుతున్నదీ లేనిదీ గుమ్మం దగ్గరి ఎండలో తెలియలేదు, పైగా పాతబడితే గాజు నల్లబడుతుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఎల్‌ఈడీవి తీశాడు.

"ఇది చచ్చిపోతే ఎలా కనబడుతుంది?" అని అడిగింది.

"చావదమ్మా. ఏళ్ళకేళ్ళు వెలుగుతుంది."

"చస్తే?"

"చస్తే ఆరిపోతుంది. ఇంకేం చేస్తుంది?"

"ఒకసారి వెలిగించి ఆపండి."

ఆయన ఆపాడు. ఆమె దాని మీద రెండు చేతులూ దొప్పలా మూసి, లోపలికి కన్ను పెట్టి చూసింది. స్విచ్చి ఆపినా లోపల సన్నగా, మిణుగురంత వెలుతురు ఇంకా ఉంది. పొడుగు వైర్ల మీద నాసిరకంవి అలాగే కాస్త వెలుగు మిగుల్చుకుంటాయనీ, దానివల్ల ఏమీ కాదనీ షాపాయన అన్నాడు. ఆమె దాన్ని పాము పిల్లను పెట్టినట్టు పక్కన పెట్టింది.

"ఇది అబద్ధాలాడుతోంది. ఇంకొకటి చూపించండి."

అలా ట్రేలో ఉన్నవన్నీ చూసింది. వైరు మొదలు దగ్గర వేలితో వంచి చూసింది, వెనక బంక గట్టిగా మూసుకుందో లేదో గోటితో గీరింది, కరెంటు ఎక్కువ తక్కువలైతే తట్టుకుంటుందా అని అడిగింది. ఆరితే చీకటి తప్ప ఏమీ మిగలని ఒకటి చివరికి దొరికింది. ఇనుప కట్టు ఉన్నది, బొటనవేలంత, పచ్చ రంగుది. ఎండలో పెట్టినా కంటికి ఆనింది.

"పెళ్ళి సంబంధం చూసినట్టు చూశారమ్మా" అన్నాడు షాపాయన, చెమట తుడుచుకుంటూ.

"పెళ్ళికి ఇంత చూడలేదు" అంది ఆమె. అది జోకని ఆయన నవ్వాడు. ఆమె మాత్రం ఇంటికి వెళ్ళే తొందరలో ఉంది.

తమ్ముడు దాన్ని ఇన్వర్టరుతో సంబంధం లేకుండా, నేరుగా వీధి కరెంటుకు కలిపాడు. కలుపుతూ గొణిగాడు, అదీ ఆమెకు కనబడేలాగే గొణిగాడు.

"ఎప్పుడూ వెలిగే లైటు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఊరికే హడలిపోయి పరుగెత్తుతావు."

"పరుగెత్తుతాను. అందుకే గట్టిది తెచ్చాను, తరచుగా చావకుండా."

ఇంతటితో భయం తీరిందని చెబితే బాగుండేది. తీరలేదు, చోటు మారింది. పచ్చ దీపం వెలుగుతూ ఉండేది, ఆమె దాన్ని చూస్తూ కుట్టేది, ఒకరి ప్యాంటుకు ఒక కాలు పొట్టిగా కుట్టి తిట్లు తినేది. కరెంటు ఉంది, సరే. ఆయన ఉన్నాడా? ఆ ప్రశ్న ఒకసారి పుట్టాక ఇక కూర్చోనివ్వలేదు. లేచి, చీర దులుపుకుని, తలుపు తీసి, నిద్రపోతున్న ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. ఎంత దులుపుకున్నా నూగు వెంట వచ్చేది, ఆయనకు దగ్గు తెర పట్టుకునేది.

"నేను చావకుండా చూడడానికి... వచ్చి చంపుతున్నావు" అన్నాడు ఒకరోజు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. "ఆ లైటు కరెంటు సంగతి చెబుతుంది. మీ సంగతి ఎవరు చెబుతారు నాకు?" అంది.

ఆయన ఆమె చేతిని పట్టుకుని, తమ్ముణ్ణి పిలిపించమన్నాడు. తమ్ముడు వచ్చి, బావ చెప్పినట్టే, ఆ దీపానికి పోయే వైరు మీద ఒక స్విచ్చి పెట్టి, దాన్ని మంచం పక్కన వేలికి అందే ఎత్తులో బిగించాడు. ఈసారి నడుం మీద చేతులు పెట్టుకోలేదు.

మొదటిసారి ఆయన దాన్ని ఆపింది మంచినీళ్ళ కోసం. ఆమె పైప్రాణాలు పైనే పోయి, కాలికి కత్తెర తగిలి, తలుపుకు గుద్దుకుని వస్తే, ఆయన పెళ్ళినాటి నవ్వు ఒకటి నవ్వుతూ గ్లాసు చూపించాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయన పిలిస్తే ఆమె పలికింది. ఆమె మాత్రం ఆ సంతోషం పట్టించుకునే స్థితిలో లేదు. నీళ్ళిచ్చి, నోటికొచ్చినట్టు తిట్టి, గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఆ రోజే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. దీపం రెండుసార్లు మిణుకుమంటే రైట్ రైట్, నేను బాగున్నాను, పోనీ. ఆరి అలాగే ఉండిపోతే హోల్డాన్.

ఆ తర్వాత ఆయన మెలకువగా ఉన్నప్పుడల్లా, గుర్తొచ్చినప్పుడల్లా రెండు మిణుకులు వేసేవాడు. ఆమె ఆయనకు కనబడకపోయినా చేయెత్తి, మళ్ళీ తొక్కేది. రోజుకు అన్నిసార్లు ఆర్పి వెలిగించినా ఆ పచ్చ దీపం కిమ్మనలేదు. ఇనుప కట్టు మీద మాత్రం నూగు పేరుకునేది, ఆమె గుడ్డతో తుడిచేది.

ఒకరోజు మధ్యాహ్నం వదిన పరదాలు తీసుకెళ్ళడానికి వచ్చి, కుర్చీలో కూర్చుని మడతలు పెట్టుకుంటోంది. దీపం ఆరింది. టైలరమ్మ కాలు ఆపి చూసింది. మిణుకు మొదలైంది, వెలిగి మళ్ళీ ఆరాలి. దీపం మళ్ళీ వెలగలేదు.

వదిన కూడా అటు చూసింది. "కరెంటు పోలేదులే వదినా, మా ఇంట్లో టీవీ ఇక్కడికి వినబడుతోంది. లోపల కూత కూడా ఏమీ లేదు. బల్బు పోయుంటుంది" అంది. ఓదార్పు మాటే. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ మాటలు పెదవుల మీద పూర్తి కాకముందే టైలరమ్మ తలుపు దాటింది.

లోపల ఆక్సిజన్ మిషను చక్కగా నడుస్తోంది. దాని దీపాలన్నీ వెలుగుతున్నాయి. కూయడానికి దానికి కారణమేమీ లేదు, దాని పని అది చేస్తూనే ఉంది. ఆయన గోడ వైపు ఒరిగి ఉన్నాడు. పెదవులు మళ్ళీ ఆ రంగులోనే ఉన్నాయి. పక్కకు దొర్లినప్పుడు ఆయన ఒంటి కింద చిక్కి లాక్కుపోయినట్టుంది, గొట్టం మిషను దగ్గర ఊడిపోయి నేల మీద పడి ఉంది. ఆక్సిజనంతా ఉత్త గదిలోకి పోతోంది. ఆయన వేలు మాత్రం స్విచ్చి మీద ఉంది. నొక్కిన వేలిని నొక్కినట్టే ఉంచాడు, తీస్తే ఎక్కడ వెలుగుతుందోనని.

ఆమె గొట్టం తోసి బిగించి, అది మళ్ళీ ఊడుతుందేమోనని రెండు చేతులతోనూ పట్టుకుని, నేల మీద కూర్చుండిపోయింది. కరెంటు ఉంది, మిషను ఉంది, పచ్చ దీపం వట్టి దీపమే అయి ఉంటే అదీ వెలుగుతూనే ఉండేది. తను ఇంకో యూనిఫారం కుట్టేసి ఉండేది.

రంగు తిరిగి వచ్చాక ఆయన ఆమె చీర మీద అతుక్కున్న దారప్పోగుల వైపు చూపించి, ముక్కు చిట్లించాడు. డాక్టరమ్మ తిడుతుందన్నట్టు. తర్వాత చేయి జాపి, వేలితో స్విచ్చి పైకి వేశాడు, కిందికి వేశాడు, మళ్ళీ పైకి వేశాడు. ముందు గదిలో దీపం మిణుకుమని వెలిగింది. చూడవలసిన మనిషి అక్కడ లేదు.

"రైట్" అన్నాయి ఆయన పెదవులు. వెళ్ళు, పని చూసుకో.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చేతిని స్విచ్చి మీంచి తీసి, రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"హోల్డాన్" అంది.

ఎంత గట్టిగా అందో ఆమెకు తెలియదు. ముందు గదిలో వదిన ఉలిక్కిపడి, మడత పెట్టిన పరదాలన్నీ కింద పడేసుకుంది.